తలుపు తట్టని నెల

పొద్దున ఆరున్నర. డోన్‌లో అప్పుడే గచ్చు నాపరాళ్లు అరికాళ్లకు వెచ్చగా తగులుతున్నాయి. బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికొస్తావు. పక్క గడప మీద అవ్వ తయారై కూర్చునుంది. ఉతికిన చీర, నూనె రాసి బిగించిన ముడి, ఒళ్లో ప్లాస్టిక్ కవరు. కవర్లో ఆధార్ కార్డు, మూలలు చివికిన పాసు పుస్తకం, ఒక ఫోటో, రెండు మాత్రల షీట్లు.

నిన్ను చూసి లేవబోతుంది. మోకాలు రాదు. గోడ పట్టుకుంటుంది.

"బ్యాంకుకు పోదాం పా నాయనా. ఎండెక్కితే నా చేత గాదు."

అవ్వకు నువ్వేమీ కావు. పక్క పోర్షన్లో అద్దెకుంటావు, అంతే. రెండిళ్లకూ ఒకటే గోడ. ఆమె దగ్గు నీకు వినిపిస్తుంది, నీ టీవీ ఆమెకు వినిపిస్తుంది. కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. రాత్రి ఫోన్ చేసి, "మా అమ్మను కొంచెం బ్యాంకు దాకా తీస్కపోండి, పుణ్యముంటాది" అన్నాడు. సరే అన్నావు.

ఈరోజు 2024 మే 2, గురువారం. నిన్న మే డే, బ్యాంకులకు సెలవు. పింఛను డబ్బులు మాత్రం నిన్ననే ఖాతాల్లో పడ్డాయని టీవీలో చెప్పారు. అంటే రెండు రోజుల జనం ఈరోజు ఒక్కసారే వస్తారు. ఆ సంగతి అవ్వకు నీకంటే బాగా తెలుసు. అందుకే ఆరున్నరకే గడప మీదికి వచ్చేసింది.

"నీళ్లు తాగినావా అవ్వా?"

"వద్దులే."

నీళ్ల చెంబు అందిస్తావు. చేత్తో పక్కకు నెట్టేస్తుంది. టీ కూడా వద్దంటుంది. నువ్వు దాన్ని పట్టించుకోవు. మధ్యాహ్నానికి ఆ "వద్దులే" గుర్తొస్తుంది.

షేర్ ఆటోలో కూర్చున్నారు. ఆమె మోచెయ్యి నీ పక్కటెముకలకు గుచ్చుకుంటోంది. ఆ చేతిలో బరువే లేదు. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా నీ మోకాలు పట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. "నాలుగేండ్లాయె నేను బ్యాంకు మొగం చూసి" అంటుంది.

నిజమే. 2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను ఇంటికే వచ్చేది. యాభై ఇళ్లకొక వాలంటీరు. ఒకటో తారీఖు తెల్లారకముందే ఆ అమ్మాయి వచ్చి తలుపు తట్టేది, అవ్వ వేలు మిషను మీద పెట్టించేది, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేది. ఈ ఎన్నికల ముందు అది ఆగిపోయింది. ఎన్నికల నియమావళి ముగిసేదాకా వాలంటీర్లు డబ్బు పంచకూడదని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ పింఛను కోసం అవ్వ వార్డు సచివాలయం దాకా నడిచింది. మే నెలకు దారి మార్చారు. రాష్ట్రంలో పింఛను తీసుకునేవాళ్లు దాదాపు 65 లక్షలు. ఆధార్ ముడిపడిన ఖాతా ఉన్న 48 లక్షల మందికి పైగా బ్యాంకులోనే వేస్తామన్నారు. మంచం పట్టినవాళ్లకూ, ఖాతా లేనివాళ్లకూ ఇంటికే. అవ్వకు ఖాతా ఉంది. నడవగలదు. కాబట్టి ఆమె పేరు బ్యాంకు జాబితాలోకి పోయింది.

నడవగలదు అని రాసినవాళ్లు ఎంత దూరమో, ఏ ఎండలోనో అడగలేదు.

ఆటో దిగుతారు. ఏడున్నర కూడా కాలేదు. బ్యాంకు షట్టరు మూసే ఉంది. మెట్ల మీద, గోడవారగా, రోడ్డు దాకా ముసలివాళ్లే. కర్రలు, తువ్వాళ్లు, చేతిలో చెప్పులు. కొందరు తమ బదులు వరుసలో రాళ్లు పెట్టి నీడన కూర్చున్నారు. నువ్వూ ఒక రాయి పెడతావు. అవ్వను గోడ నీడలో కూర్చోబెడతావు. ఆ నీడ నాలుగు అడుగుల వెడల్పుంది. నువ్వు చూస్తుండగానే మూడు అడుగులవుతుంది.

ఇది భరణి కార్తె. రోళ్లు పగిలే రోహిణి ఇంకా మూడు వారాల దూరంలో ఉంది. అయినా ఈ వారం నంద్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతోంది. చుట్టూ రాళ్ల గుట్టలు, నాపరాళ్ల ఇళ్లు, రేకుల కప్పులు. రాత్రి కూడా చల్లబడదు. అవ్వది రేకుల ఇల్లు. అంటే నిన్న రాత్రి ఆమె ఒళ్లు అసలు చల్లారనే లేదు. ఆ వేడితోనే ఇక్కడికి వచ్చి కూర్చుంది.

"పోయిన నెల సచివాలయం కాడ, ఈ నెల ఈడ. వచ్చే నెల యాడ నిలబెడతారో" అంటాడు పక్కన తలపాగా చుట్టిన పెద్దాయన. ఎవరూ జవాబివ్వరు. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ మైకుల్లో చెప్పుకుంటున్నాయి. ఇక్కడ వరుసలో మాత్రం మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు.

పది గంటలకు షట్టరు లేస్తుంది. రాళ్లన్నీ ఒక్కసారిగా మనుషులైపోతాయి. తోపులాట. అవ్వ భుజం పట్టుకుని లోపలికి నెట్టుకుపోతావు. లోపల ఆరు కుర్చీలు. ఆరూ నిండిపోయాయి. రెండు ఫ్యాన్లు పైన తిరుగుతూ వేడిగాలినే కిందికి తోస్తున్నాయి.

"పెద్దోళ్లకు వేరే లైను లేదా సార్?" అని సెక్యూరిటీని అడుగుతావు.

ఆయన చేయి చాపి వరుస మొత్తం చూపిస్తాడు. "అందరూ పెద్దోళ్లేగదా."

పెద్దవాళ్లకు వేరే కౌంటరు గానీ, ముందు పంపే ఏర్పాటు గానీ ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పింది. డెబ్బై దాటినవాళ్లకు నగదు ఇంటికే తెచ్చివ్వాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది. వరుసలో అందరూ అరవై దాటినవాళ్లే అయినప్పుడు వేరే వరుస ఎవరికని పెడతారు? ఇంటికి తెచ్చివ్వడం సంగతి అడిగితే, "అర్జీ పెట్టండి, స్టాఫు ఉంటే చూస్తాం" అంటారు కౌంటర్లో. కౌంటర్లో ఉన్న అమ్మాయి మొహం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఆమె కూడా పొద్దుటి నుంచి తల ఎత్తలేదు.

పదకొండున్నరకు అవ్వ వంతు వస్తుంది. పాసు పుస్తకం గాజు కింది నుంచి లోపలికి పోతుంది. కీబోర్డు చప్పుడు. నిశ్శబ్దం. మళ్లీ కీబోర్డు చప్పుడు.

"అకౌంటు ఆపరేషన్లో లేదమ్మా. కేవైసీ చేయాల."

అవ్వ నీ మొహం చూస్తుంది. నువ్వు ఆ అమ్మాయి మొహం చూస్తావు. రెండేళ్లకు మించి ఖాతాను వాడకపోతే అది పని ఆగిన ఖాతా లెక్క. డబ్బులు ఇంటికే వస్తుంటే అవ్వ బ్యాంకు ఖాతా ఎందుకు వాడుతుంది? డబ్బులు పడ్డాయి. ఉన్నాయి. తీయాలంటే ఆధార్ జిరాక్సు, ఫోటో, ఫారం, వేలిముద్ర.

"ముందు వేలు పెట్టు పెద్దమ్మా, చూద్దాం."

అవ్వ బొటనవేలు చీరకు తుడుచుకుని మిషను మీద పెడుతుంది. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. ఆ చేతిని నువ్వు తీసుకుని దగ్గరగా చూస్తావు. బొటనవేలి మీద గీతలు లేవు. నున్నగా, మెరుస్తూ, మధ్యలో ఒక పాత కోత. ఆ వేళ్లు వేరుశనగ కాయ ఒలిచాయి, కలుపు తీశాయి, గనుల దగ్గర రాళ్లు మోశాయి. ఆ పనులన్నీ కలిసి గీతల్ని అరగదీశాయి. మిషనుకు కావలసింది ఆ గీతలే.

"తల నూనె రాసి పెట్టు" అంటారు వెనక నుంచి. అవ్వ వేలు జుట్టులో రుద్దుతుంది. మళ్లీ ఎర్ర లైటు.

"కేవైసీ అయితే మేనేజర్ సార్ సంతకంతో ఇప్పిస్తాం. జిరాక్సు తెండి."

ఇప్పుడు నిర్ణయం నీది. ఇంటికి పోదామా? మూడు వేలు ఎక్కడికీ పోవు, ఇంకో రోజు రావచ్చు. కానీ అవ్వకు మాత్రలు అయిపోయాయి, కిరాణా అప్పుంది, నువ్వు రేపు పనికి పోవాలి. పొద్దుటి నుంచి నిలబడింది వృథా పోతుందేమో అనిపిస్తుంది. వరుసలో ఉన్నవాళ్లందరినీ అక్కడ కట్టేసింది అదే లెక్క.

"జిరాక్సు తెస్తా. నువ్వు ఈడనే ఉండు అవ్వా."

తల ఊపుతుంది. ఆమె పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. చూస్తావు. వెళ్లిపోతావు.

జిరాక్సు షాపులో కరెంటు లేదు. ఇంకో షాపు. అక్కడా వరుసే. తిరిగొచ్చేసరికి ఒంటి గంట కావస్తోంది.

లోపల అవ్వ లేదు.

మెట్ల మీద ఉంది. ఎండలో. లోపల కుర్చీ దొరక్క, ఊపిరాడటం లేదని బయటికి వచ్చి కూర్చుందట. నీడ ఎప్పుడో గోడలో కలిసిపోయింది. ఆమె కూర్చున్న నాపరాయి మీద నువ్వు చెయ్యి పెట్టి వెంటనే తీసేస్తావు.

"అవ్వా."

తల ఎత్తుతుంది. నిన్ను చూస్తుంది. నీ వెనక ఇంకెవరినో చూస్తున్నట్టుంది.

"ఎద్దులకు నీళ్లు పెట్టినావా?" అంటుంది.

ఎద్దులు లేవు. ఎప్పుడో అమ్మేశారు.

నుదుటి మీద చెయ్యి పెడతావు. పెనం. చెమట లేదు. ఒక్క చుక్క లేదు.

ఆగు. ఇది అలసట కాదు. ఎండలో కళ్లు తిరిగితే మనిషి నిన్ను గుర్తుపడుతుంది, నీళ్లడుగుతుంది. మాట తేడా వచ్చిందంటే వేడి మెదడుకెక్కింది. ఒళ్లు 40 డిగ్రీలు దాటిందన్నమాట. వడదెబ్బ. గంటలు లేవు నీ దగ్గర. మొదటి అరగంటే నీది.

ఎత్తు.

ఎత్తుతావు. తేలికగా ఉంది. మరీ తేలికగా. ఎటు? లోపలికా? ఊపిరాడదు. చెట్టా? దూరం. పక్కన పంచర్ షాపు. రేకు కింద నీడ. అటు.

"అన్నా, జరుగన్నా!"

పంచర్ కుర్రాడు టైరు పక్కకు తోస్తాడు. గోనె పట్టా పరుస్తాడు. పడుకోబెడతావు. జాకెట్టు ముడి వదులు చేయి. కాళ్ల పట్టీలు, గాజులు వదిలేయ్. టైము లేదు.

జనం చుట్టూ చేరుతారు. గాలి ఆగుతుంది.

"సోడా తాపండి!"

"ఉల్లిగడ్డ రసం పూయండప్పా!"

"డోలో ఉంది, వేయమంటావా?"

సోడా ఒకరు నోటి దగ్గరికి తెస్తారు. నీ చెయ్యి అడ్డం పెట్టు. మాట తేడాగా ఉన్న మనిషికి మింగడం సరిగా రాదు. ఇప్పుడు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డోలో వద్దు. జ్వరం మాత్ర జ్వరానికే పని చేస్తుంది. ఇది జ్వరం కాదు. ఒంట్లోకి బయటి నుంచి ఎక్కిన వేడి. దాన్ని బయటికే లాగాలి.

నీళ్లు. నీళ్లెక్కడ?

ట్యూబుకు పంచరెక్కడుందో చూసే తొట్టి. మురికి నీళ్లు. పర్వాలేదు. తాగించడానికి కాదు. మగ్గుతో ముంచి పోస్తావు. తల మీద. మెడ మీద. గుండె మీద. చీర మొత్తం తడవాలి. ఇంకా. ఇంకా.

"ఫ్యాను!"

కుర్రాడు టేబుల్ ఫ్యాను లాక్కొస్తాడు. వైరు చాలదు. అట్టముక్కతో ఇద్దరు విసురుతారు.

"జరగండి! గాలి రానీండి!"

ఫోన్. 108. మోగుతుంది. ఎత్తుతారు. ఏ ఊరు? డోన్. ఎక్కడ? బ్యాంకు పేరు చెప్తావు, పక్కన పంచర్ షాపు అంటావు. వయసు? డెబ్బై పైన. తెలివి ఉందా? మాట తేడాగా ఉంది. ఊపిరి ఆడుతోందా? ఆడుతోంది. నీళ్లు పోస్తున్నారా? పోస్తున్నాం. ఆపొద్దు, అంటారు అటు నుంచి.

ఆటో ఒకటి ఆగుతుంది. "నేను తీస్కపోతా, ఎక్కీండి!"

ఎక్కించాలా? ఎక్కిస్తే పోయడం ఆగుతుంది. ఆటో లోపల పొయ్యిలా ఉంటుంది. దారిలో గేటు పడితే? రైల్వే జంక్షన్ ఊరిది. ముందు చల్లార్చు, తర్వాత కదిలించు. ఈ ఒక్క మాట మీద నిలబడు.

"అన్నా, ఐసు తెస్తావా? కూల్‌డ్రింక్ షాపులో."

ఆటో దూసుకుపోతుంది.

పోస్తూనే ఉంటావు. చీర మీద నీళ్లు పోసిన చోట నిమిషంలో ఆరిపోతోంది. భయపడకు. అది మంచిదే. ఈ గాలిలో తేమ లేదు. అందుకే నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, ఆవిరవుతూ ఒంటి వేడిని లాక్కుపోతాయి. కోస్తాలో ఇంత తొందరగా జరగదు. పొద్దుటి నుంచి ఆమెను ఎండగట్టింది ఈ పొడి గాలే. పట్టిన చెమట కనబడకముందే ఆరబెట్టేసి, ఎన్ని నీళ్లు పోయాయో తెలియనివ్వనిదీ ఇదే. ఇప్పుడు అదే గాలి నీ చేతిలో మందు.

ఐసు వచ్చింది. గుడ్డలో చుట్టి చంకల్లో. మెడ పక్కన. గజ్జల్లో. పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా పోయే చోట్లవి.

వాంతి. పక్కకు తిప్పు. తిప్పావు. నోరు తుడిచావు. ఊపిరి ఉంది.

"అవ్వా. అవ్వా, ఇట్లచూడు."

కళ్లు తిరుగుతాయి. నీ మీద ఆగుతాయి.

"చలేస్తాంది" అంటుంది.

ఆ మాటకు పంచర్ కుర్రాడు గట్టిగా ఊపిరి వదులుతాడు. సైరన్ వినిపిస్తుంది.

108లో వచ్చినతను థర్మామీటరు పెడతాడు. ఇన్ని నీళ్లు పోశాక కూడా 103 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. చెయ్యి మీద నరం కోసం వెతుకుతాడు. అది దొరకదు. రెండోసారికి దొరుకుతుంది. సెలైన్ ఎక్కుతుంది. "నీళ్లు పోసి మంచి పని చేసినారు" అంటాడు తల ఎత్తకుండానే. నువ్వు తడిసిన బట్టలతో ఆమె పక్కన కూర్చుంటావు. ప్లాస్టిక్ కవరు నీ చేతిలోనే ఉంది. జిరాక్సులు తడిసి ముద్దయ్యాయి.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ రెండు ప్రశ్నలు అడుగుతుంది.

"ఏం మాత్రలు వాడుతుంది?"

తెలియదు. గోడ అవతల ఇన్నాళ్లుగా ఆమె దగ్గు విన్నావు, ఏ మాత్ర మింగుతుందో ఎప్పుడూ అడగలేదు. బెంగళూరుకు ఫోన్ చేస్తావు. కొడుకు గొంతు వణుకుతుంది. "బీపీ బిళ్ల వేసుకుంటాది. పేరు తెలీదు." కవరు తిరగేస్తావు. మాత్రల ఖాళీ షీట్లు. డాక్టరమ్మ ఒకటి తీసుకుని వెనకవైపు చదువుతుంది. బీపీ మాత్రే, ఒంట్లో నీళ్లు మూత్రంలో బయటికి పంపే రకం. చలికాలంలో మేలు చేసే ఆ మాత్రే ఈ ఎండల్లో, నీళ్లు తాగని మనిషిని ఇంకా ఎండబెడుతుంది. అలాగని ఎవరికి వాళ్లు ఆపేయకూడదు, ఎండాకాలం మొదట్లోనే డాక్టరుకు చూపించి మోతాదు సరిచేయించుకోవాలి అంటుంది. అంత చిన్న పని. దానికి ఎవరో ఒకరు ఆమెను తీసుకురావాలి.

"చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగింది?"

దీనికి జవాబు నీకు తెలుసు. పొద్దున చెంబు అందించావు. వద్దులే అంది.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒళ్లు ఎండిపోతున్నా నాలుక అడగదు. చెమట పట్టడమూ తగ్గుతుంది. అవ్వకు దాహం వేసి ఉండదనుకుంటావు. డాక్టరమ్మా అదే అంటుంది.

సాయంత్రం ఆరింటికి అవ్వ కళ్లు తెరిచి మామూలుగా మాట్లాడినప్పుడు తెలుస్తుంది, సంగతి అది కాదని.

"పొద్దున నీళ్లెందుకు తాగలేదు అవ్వా? దాహం కాలేదా?"

ఆమె చుట్టూ చూస్తుంది. పక్క మంచం మగమనిషిది. గొంతు తగ్గిస్తుంది.

"దాహం కాకుండా ఉంటాదా? తాగితే పోవాలగదా నాయనా. బ్యాంకులో యాడికి పోవాల?"

నువ్వు మాట్లాడవు. ఆమే చెబుతుంది. ఇంట్లో కూడా సాయంత్రం ఐదు తర్వాత గుక్క నీళ్లు ముట్టదట. మరుగుదొడ్డి పెరటి చివరన ఉంది. లైటు లేదు. దారిలో గడప ఎత్తు. కూర్చుంటే లేవడానికి పట్టుకునేందుకు ఏమీ లేదు. పోయిన వానాకాలం ఒకసారి అక్కడ జారి పడి, ఎవరికీ చెప్పలేదట. నీక్కూడా. అప్పటి నుంచి నీళ్లు తగ్గించింది. ఎండాకాలమంతా, ప్రతి రాత్రీ, కావాలనే దాహంతో పడుకుంటోంది.

ఎండను ఎవరూ ఆపలేరు. కానీ పెరట్లో ఒక బల్బు ఉండి ఉంటే ఆమె ఈరోజు ఈ మంచం మీద ఉండేది కాదేమో. ముసలివాళ్ల బాగోగులంటే మనం పెద్ద మాటలు అనుకుంటాం. పింఛను ఎంత, పథకం ఏది, పిల్లలు చూస్తారా లేదా అని మాట్లాడుకుంటాం. అవన్నీ కావలసినవే. 2007లో వచ్చిన చట్టం కన్నవాళ్లను పోషించడం పిల్లల బాధ్యత అని రాసింది, అదీ మంచిదే. కానీ ఆ కొడుకు నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నాడు, రాత్రిపూట ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "అమ్మా, ఎట్లుండావు?" అని అడిగితే "బాగుండా" అంటుంది. ఫోన్లో ఆ మాట నిజంలాగే వినిపిస్తుంది. ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషికే పెదాలు ఎండాయని, కాలికి దెబ్బ తగిలిందని, ఇంట్లో చీకటిగా ఉందని కనిపిస్తుంది.

వాలంటీరు అమ్మాయి ఒకటో తారీఖున తెచ్చింది డబ్బులొకటే కాదని నీకు ఇప్పుడు అర్థమవుతుంది. నెలకు ఒక్కసారైనా ఒకరు ఆమె మొహం చూసేవారు. రెండు నెలలు ఆ ఒక్కసారీ లేదు.

మూడో రోజు ఇంటికి తెస్తావు. ఇప్పుడు ఏం చేయాలో నీకు ఎవరూ చెప్పరు, కానీ చేయాల్సినవి కళ్లముందే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో బల్బు బిగిస్తాడు, స్విచ్చు మంచం పక్కనే. ఇంటాయన మొదట గొణుగుతాడు, తర్వాత తనే ఒక ఇనుప పైపు ముక్క తెచ్చి మరుగుదొడ్డి గోడకు కొట్టిస్తాడు. అవ్వ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. "ఇది ముందే ఉంటే" అంటుంది, మాట పూర్తి చేయదు. రేకుల మీద సున్నం కొట్టిస్తావు. తెల్లటి కప్పు ఎండను కొంత వెనక్కి కొడుతుంది. కూజాలో నీళ్లు నువ్వే నింపుతావు, పొద్దున నింపింది సాయంత్రానికి ఎంత తగ్గిందో చూస్తావు. ఉప్పేసిన మజ్జిగ మధ్యాహ్నం ఒక చెంబు. అవ్వ ముఖం చిట్లిస్తుంది, తాగుతుంది.

ఇంకో నంబరు గోడ మీద బొగ్గుతో పెద్దగా రాస్తావు, 14567. దేశమంతటా పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత ఫోన్ లైను, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. పింఛను ఆగినా, ఎవరైనా కొట్టినా, తోచక ఎవరితోనైనా మాట్లాడాలన్నా చేయొచ్చు. చేతికర్ర కోసం మండలంలో అడుగుతావు. పేద వృద్ధులకు కర్రలు, చక్రాల కుర్చీలు, వినికిడి మిషన్లు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం మొదలైంది మన నెల్లూరులోనే, 2017 ఏప్రిల్ 1న. క్యాంపు పెట్టినప్పుడు పేరు రాయించాలి అంటారు. రాయించి వస్తావు. అప్పటిదాకా పంచర్ కుర్రాడు చెక్కిచ్చిన వేపకర్ర ఉంది. అడుగున ట్యూబు ముక్క తొడిగి మేకు కొట్టాడు, జారకుండా.

జూలై 1, సోమవారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. తలుపు చప్పుడు. నీది కాదు, అవ్వది. గోడ అవతలి నుంచి వింటూ లేచి బయటికొస్తావు. కొత్త ప్రభుత్వం వచ్చింది, పింఛను నాలుగు వేలైంది, ఏప్రిల్ నుంచి పెరిగిన మొత్తం కలిపి ఈరోజు ఏడు వేలు. సచివాలయం ఉద్యోగి వచ్చాడు. అవ్వ వేలు పెడుతుంది. ఎర్ర లైటు. ఆయన విసుక్కోడు. కంటిపాప చూసే పరికరం తీసి, "కన్ను పెద్దగా తెరువమ్మా" అంటాడు. అవ్వ నోరు కూడా తెరుస్తుంది. ఈసారి పనవుతుంది.

"మజ్జిగ తాగిపో నాయనా."

"ఇంకా శానా ఇండ్లు తిరగాలవ్వా." కానీ నిలబడి సగం గ్లాసు తాగుతాడు. తాగుతూ ఇల్లు చూస్తాడు, గోడ మీది నంబరు చూస్తాడు, కర్ర చూస్తాడు. "ఎట్లుండావు ఇప్పుడు?" అని అడుగుతాడు. ఆయన వెళ్లాక అవ్వ నోట్లు విడదీస్తుంది. కిరాణా అప్పు, మాత్రలు, కొడుకు పిల్లలకు. నూరు రూపాయలు పంచర్ కుర్రాడికి, వాడు తీసుకోడని తెలిసినా.

ఆయన నెలకు ఒకసారి వస్తాడు. మిగతా రోజులు ఎవరివి? ఇన్నాళ్లు నీవి. కానీ నీ పని కర్నూలుకు మారింది, ఆగస్టులో ఈ పోర్షన్ ఖాళీ చేస్తున్నావు. కొత్తగా దిగేవాళ్లు భార్యాభర్త, చిన్న పిల్ల. నిన్న వచ్చి చూసుకుని పోయారు. అవ్వ సంగతి చెప్పావు. ఆ అమ్మాయి అవ్వ గదిలోకి పోయి కూర్చుని వచ్చింది.

వాళ్ల కోసం ఒక కాగితం రాస్తున్నావు. మాత్రల పేర్లు, ఏది పొద్దున, ఏది రాత్రి. కొడుకు ఫోన్ నంబరు. రక్తపోటు చివరిసారి ఎంతుంది, మళ్లీ ఎప్పుడు చూపించాలి. పొద్దున ఏడింటికి తలుపు తెరుచుకోకపోతే తట్టాలి. కూజా సాయంత్రానికి ఖాళీ కావాలి. మాట తేడాగా వస్తే నోట్లో ఏమీ పోయొద్దు, ఒంటి మీద పోయండి, 108 కొట్టండి.

అవ్వ పక్కనే కూర్చుని ప్రతి లైనూ చదివించుకుంటుంది.

"ఇంకొకటి రాయి" అంటుంది. "నాకు చెవులు బాగానే వినబడతాయి, గట్టిగా అరవొద్దని రాయి. ఆ పిల్లను రోజూ సాయంత్రం నా కాడ వదిలిపెట్టమని రాయి. వాళ్లమ్మ పనికి పోతాది కదా, నేను చూసుకుంటా."

రాస్తావు.